ఎండకి సన్నాయి పైకి, వీణ కిందికి: శ్రుతి జారడం వెనక లెక్క

మే నెల ముహూర్తాల్లో బెజవాడలో ఏ కల్యాణ మండపానికి వెళ్ళినా ఒకటే వరస. లోపల ఏసీ 24 డిగ్రీల మీద నడుస్తుంటుంది, గేటు దగ్గర ఎండ నలభైకి తగ్గదు. సన్నాయి మేళం వాళ్ళు వేదిక పక్కన కూర్చుని శ్రుతి పెట్టెతో సరిచూసుకుంటారు. మగపెళ్ళివారు దిగారనగానే ఎదురుకోలుకి వాద్యాలు పట్టుకుని బయటికి పరుగు. పావుగంట ఎండలో వాయించి మళ్ళీ లోపలికి వచ్చి కూర్చునేసరికి శ్రుతి పెట్టె ఒక దారిన, సన్నాయి ఒక దారిన, డోలు ఇంకో దారిన. వినేవాళ్ళు చెవులు చిట్లించుకుని తప్పు వాయించేవాళ్ళ మీదకి నెట్టేస్తారు. చాలాసార్లు ఆ తప్పు గాలిది, తోలుది. కచేరీ అయితే తీగది కూడా. ఈ మూడూ వేడికి మూడు రకాలుగా మారతాయి, అదీ ఎదురెదురు దిశల్లో. ఎందుకలా అన్నది తెలియాలంటే ధ్వనిశాస్త్రంలో మొదటి నాలుగు పాఠాలు చాలు.

శ్రుతి అంటే భౌతికశాస్త్రం భాషలో పౌనఃపున్యం, అంటే సెకనుకి ఎన్ని కంపనాలు అన్న లెక్క. దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. ఒకటో శ్రుతి అంటే హార్మోనియం మీద మధ్య స్థాయిలో 261.6 హెర్ట్జ్, మగగొంతుకి దాని సగం, 130.8. రెండు శ్రుతి 293.7. షడ్జం (స) నుంచి తారషడ్జానికి (పై స) పౌనఃపున్యం రెట్టింపవుతుంది. మధ్యలో పన్నెండు మెట్లు. కాబట్టి హార్మోనియంలో ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకి తేడా సుమారు 6 శాతం. ఈ 6 శాతాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, కింద వచ్చే అంకెలన్నిటికీ అదే కొలబద్ద. సాధన ఉన్న చెవి అర శాతం తేడాని కూడా పట్టేస్తుంది. రెండు శాతం తేడా అయితే సంగీతం రానివాళ్ళకి కూడా ఏదో బాగాలేదనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు.

ఇక ధ్వని వేగం. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. విజయవాడ వైపు చివర ఒక టపాకాయ పేలితే సీతానగరం వైపు నిలబడ్డవాళ్ళకి వెలుగు అప్పటికప్పుడే కనిపిస్తుంది, చప్పుడు మాత్రం మూడున్నర సెకన్లకి చేరుతుంది. 30 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకి 349 మీటర్లు పోతుంది మరి. గట్టిగా అరిచినా, మెల్లగా పలికినా అదే వేగం. మంద్రానికీ తారానికీ కూడా తేడా లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, హెచ్చు స్వరాలు ముందు, తగ్గు స్వరాలు తర్వాత చేరేటట్టయితే కొండ మీద మైకులో వేసిన కీర్తన కృష్ణ అవతలి ఒడ్డుకి వెళ్ళేసరికి చరణం పల్లవిలో కలిసిపోయేది.

వేగాన్ని మార్చేది ప్రధానంగా ఉష్ణోగ్రత. సున్నా డిగ్రీల దగ్గర 331 మీటర్లు, ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 మీటరు కలుపుకుంటూ పోవాలి. వేడి గాలిలో అణువులు వడిగా కదులుతాయి, ఒకదాన్నొకటి తొందరగా తడతాయి, కబురు తొందరగా ముందుకి పోతుంది. తేమ కూడా కాస్త సాయపడుతుంది. ఉక్కపోత రోజున గాలి బరువెక్కిందని అంటాం. నిజానికి తేమగాలి పొడిగాలి కంటే తేలిక, ఎందుకంటే నీటి అణువు బరువు 18 అయితే గాలి అణువుల సగటు 29. మన కోస్తా ఉక్కపోతలో ఈ కారణంగా వేగం మహా అయితే అర శాతం చిల్లర పెరుగుతుంది. అసలు కథంతా వేడిదే.

గాలి వాద్యాలు పైకి ఎందుకు పోతాయి

వేణువులో మోగేది వెదురు కాదు, లోపలి గాలి. ఊదే రంధ్రం నుంచి తెరిచి ఉన్న మొదటి రంధ్రం దాకా ఉన్న గాలి ఒక స్ప్రింగులా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఒక కంపనంలో ధ్వని ఆ పొడవుని ఒకసారి పోయి, ఒకసారి తిరిగి రావాలి. అందుకే వేగాన్ని పొడవుకి రెట్టింపుతో భాగిస్తే పౌనఃపున్యం వచ్చేస్తుంది. చివర్ల దగ్గర గాలి కొంచెం బయటికి పొంగుతుంది కాబట్టి కొలతకి కొంత కలపాలి. ఆ సవరణతో సహా 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 24 డిగ్రీల హాల్లో వేగం 346, దాన్ని 0.6తో భాగిస్తే 576 హెర్ట్జ్. అదే వేణువు 40 డిగ్రీల్లో అయితే వేగం 355, పౌనఃపున్యం 591. తేడా 15 హెర్ట్జ్, అంటే 2.6 శాతం. దాదాపు సగం మెట్టు పైకెక్కింది.

"వేడికి వెదురు సాగుతుంది, గొట్టం పొడవైతే శ్రుతి దిగాలి కదా" అని చాలామంది అడుగుతారు. సాగడం నిజమే. కానీ 30 సెంటీమీటర్ల వెదురు 16 డిగ్రీల వేడికి పెరిగేది వెంట్రుక మందం కంటే తక్కువ. గాలి వేగం పెరిగిన దాని ముందు అది లెక్కలోకి రాదు.

లెక్కలో వచ్చిన 2.6 శాతం పూర్తిగా మాత్రం వినపడదు. ఊదేవాళ్ళ ఊపిరి ఎప్పుడూ ముప్పై నాలుగైదు డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఏసీ హాల్లో ఆ వెచ్చని ఊపిరి గొట్టాన్ని వేడెక్కిస్తుంది, ఎండలో అదే ఊపిరి బయటి గాలి కంటే చల్లగా ఉంటుంది. కాబట్టి తేడా కొంత కుదించుకుపోతుంది. ఇందులోంచే ఇంకో చిక్కు పుడుతుంది. ఏసీలో పది నిమిషాలు పక్కన పెట్టిన వేణువు మొదటి రెండు మూడు నిమిషాలు దిగి పలుకుతుంది, ఊదగా ఊదగా మెల్లగా పైకి వస్తుంది. చల్లటి వేణువుతో శ్రుతి కలుపుకుని కచేరీ మొదలుపెడితే మొదటి కీర్తన సగంలోనే జారుతుంది. అనుభవమున్న విద్వాంసులు తని ఆవర్తనం (మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం) నడుస్తున్నంతసేపూ వేణువుని ఒళ్ళో చేతుల మధ్య పట్టుకుని అప్పుడప్పుడు చప్పుడు రాకుండా ఊపిరి పోస్తుండటం గమనించవచ్చు. అది అలవాటు కాదు, శ్రుతి కాపలా.

సన్నాయికి మాత్రం ఇంకో పేచీ ఉంది. మన పెళ్ళి సన్నాయి అంటే నాదస్వరమే, దాని లోపలి తొర్ర పైన సన్నగా మొదలై కిందికి వెడల్పవుతూ పోతుంది. ఈ శంకువు ఆకారం వల్లే ఒకవైపు నోటితో మూసి ఉన్నా తారస్థాయి సరిగ్గా రెట్టింపు దగ్గర పలుకుతుంది. క్లారినెట్‌లా సమమైన గొట్టమైతే గట్టిగా ఊదినప్పుడు మూడు రెట్లకి ఎగిరిపోతుంది. వేళ్ళకి ఏడు రంధ్రాలు, కింద ఇంకో అయిదు. ఆ కింది అయిదింటినీ కావలసినంత మేరకు మైనంతో మూసి శ్రుతిని సర్దుకుంటారు. చిలకలూరిపేట వైపు నాదస్వరం నేర్చినవాళ్ళకి ఇది తొలినాళ్ళ పాఠం. ఎండలో ఆ మైనం మెత్తబడి జారితే ఇంకో గొడవ. కానీ అన్నిటికంటే చపలమైనది పీక. రెల్లుతో చేసిన ఆ చిన్న పీక తడిగా ఉన్నంతసేపే చెప్పినట్టు వింటుంది. ఏసీ పొడిగాలికి పావుగంటలో ఎండి బిగుసుకుంటుంది, శ్రుతి పైకి నెడుతుంది, మంద్రం పలకనంటుంది. వాద్యానికి దారంతో కట్టి వేలాడే అరడజను పీకలు అలంకారానికి కాదు.

తీగలు కిందికి ఎందుకు దిగుతాయి

తీగ పలికే పౌనఃపున్యం మూడింటి మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, బరువు. పొడవు సగం చేస్తే శ్రుతి రెట్టింపు. బిగువు నాలుగు రెట్లు చేస్తే గానీ శ్రుతి రెట్టింపవదు, ఎందుకంటే అది బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. తీగ లావైతే శ్రుతి తగ్గుతుంది.

నూజివీడు వీణనే తీసుకుందాం. పనస కర్రతో చేసిన కుండ, దండి, మైనంలో నిలబెట్టిన 24 మెట్లు. సారణి, అంటే మొదటి ముఖ్యమైన తీగ, స్టీలుది; గుర్రం (కుండ మీద తీగ ఆనే దిమ్మ) నుంచి దండి పై చివర తీగ ఆనే చోటు దాకా సుమారు 85 సెంటీమీటర్లు. దాన్ని 165 హెర్ట్జ్‌కి బిగించారనుకుందాం. ఆ బిగువులో తీగ తన అసలు పొడవు కంటే 0.3 శాతం, అంటే రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు సాగి ఉంటుంది. శ్రుతి అంతా ఆ రెండున్నర మిల్లీమీటర్ల సాగులోనే దాగి ఉంది. ఇప్పుడు 16 డిగ్రీలు వేడెక్కితే స్టీలు తనంతట తాను 0.16 మిల్లీమీటరు పెరుగుతుంది. కర్ర కూడా నిలువునా కొంచెం పెరుగుతుంది, అందులో మూడో వంతు. మిగిలిన 0.11 మిల్లీమీటరు మేర తీగ వదులవుతుంది. చూడటానికి కాగితం మందమే. కానీ రెండున్నర మిల్లీమీటర్ల సాగులో అది 4 శాతం. బిగువు 4 శాతం తగ్గితే వర్గమూలం ప్రకారం శ్రుతి 2 శాతం దిగుతుంది, అంటే హార్మోనియం మెట్టులో మూడో వంతు.

ఇంకో సంగతి. తీగ సన్నం కాబట్టి నిమిషంలో వేడెక్కుతుంది, పనస కర్ర గంటసేపు తీసుకుంటుంది. అందుకని వేదిక మీద దీపాలు వెలిగిన వెంటనే తీగలు లెక్కలో చెప్పినదానికంటే ఎక్కువ దిగి, తర్వాత మెల్లగా కొంత కోలుకుంటాయి. మంద్రం, అనుమంద్రం తీగలు ఇత్తడివైతే అవి స్టీలు కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తాయి. కాబట్టి నాలుగు తీగలూ ఒకే కొలతలో దిగవు, ఒకదానితో ఒకటి కూడా తేడా పడతాయి. తీగల కింది చివర్లు కట్టే నాగపాశం దగ్గర పూసలు జరిపి ఒక్క సారణిని సరిచేసి ఊరుకుంటే పని కాకపోవడానికి కారణం ఇదే.

వైలిన్‌కీ ఇదే సూత్రం. మన వైలిన్ విద్వాంసులు గాత్రానికి తగ్గట్టు తీగల్ని పాశ్చాత్యుల కంటే దింపి కలుపుకుంటారు. దింపిన తీగలో సాగు తక్కువ, అందువల్ల అదే వేడికి శ్రుతి ఎక్కువ శాతం జారుతుంది. ఒకటో శ్రుతి గాత్రానికి పక్కవాద్యం వాయించేవాళ్ళు అస్తమానం బిరడాలు తిప్పుతుంటే విసుక్కోకూడదు.

వేడి వీణకి చేసే అసలు నష్టం శ్రుతి కాదు, మెట్లు. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. బెజవాడ మే ఎండలో అద్దాలు ఎక్కించి పార్క్ చేసిన కారులో ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. వెనక సీట్లో గంటసేపు వదిలేసిన వీణ తీసి చూస్తే మెట్లు మైనంలో ఒరిగి, కొన్ని దిగబడి ఉంటాయి. పక్క మెట్టు కంటే ఒక్క అర మిల్లీమీటరు ఎత్తయినా చాలు, తీగ దానికి తగిలి గరగరమంటుంది. ఇక మేళం (మైనంలో మెట్ల అమరిక) మళ్ళీ కట్టించుకోవాల్సిందే, అది ఒక పూట పని కాదు.

చెవికి ఎలా దొరుకుతుంది

ఇప్పుడు వేణువు ఒకటిన్నర రెండు శాతం పైకి, తీగ రెండు శాతం కిందికి. మధ్యలో ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె స్ఫటికం మీద నడుస్తుంది కాబట్టి ఎండకీ ఏసీకీ చలించదు. మూడూ ఒకేసారి మోగితే వినిపించేది మూడు స్వరాలు కాదు, ఒక వణుకు. పెట్టె 294 హెర్ట్జ్ దగ్గర, వేణువు 300 దగ్గర ఉంటే రెండు తరంగాలూ సెకనుకి ఆరుసార్లు కలిసి బలపడి, ఆరుసార్లు ఎదురుపడి తగ్గుతాయి. "వావ్ వావ్" అంటూ లేచి పడే ఆ ఊపునే విస్పందనాలు అంటారు. ఊపు వేగం ఎప్పుడూ రెండు పౌనఃపున్యాల తేడాకి సమానం.

శ్రుతి కలపడమంటే ఈ ఊపుని చంపడమే. సెకనుకి ఆరు, మూడు, ఒకటి, చివరికి అయిదు సెకన్లకి ఒకటి... అక్కడ బిరడా వదిలేయాలి. ఊపు నెమ్మదిస్తోందంటే సరైన దిశలో పోతున్నట్టు, వేగం పెరుగుతోందంటే అటు కాదు ఇటు. ట్యూనర్ యాప్ పచ్చలైటు చూపించాక కూడా చెవికి ఊపు వినపడుతుంటే చెవినే నమ్మాలి. చాలా యాప్‌లు హార్మోనియం లెక్క ప్రకారం మెట్లని కొలుస్తాయి, ఆ లెక్క మన గాంధారానికి (గ) సరిపడదు.

ఎందుకు సరిపడదో తెలియాలంటే తంబుర దగ్గరికి వెళ్ళాలి. ఏ తీగా ఒక్క పౌనఃపున్యాన్నే పలకదు. 120 హెర్ట్జ్ మంద్రషడ్జాన్ని మీటితే దానితోపాటు 240, 360, 480, 600 కూడా మోగుతాయి. వీటిని అనుస్వరాలంటారు. 240, 480 షడ్జాలే. 360 పంచమం (ప). 600 ఎవరూ మీటకుండానే వచ్చే అంతర గాంధారం, సంగీతజ్ఞులు స్వయంభువు అని పిలిచేది దీన్నే. దాని నిష్పత్తి షడ్జంతో 5:4, అంటే 1.25. హార్మోనియం, కీబోర్డుల్లో గాంధారం 1.26 దగ్గర బిగించి ఉంటుంది. 240 షడ్జానికి తంబుర గాంధారం 300, కీబోర్డుది 302.4. వాటి నాలుగో అనుస్వరాల దగ్గరికి వచ్చేసరికి 1200కీ 1209కీ మధ్య సెకనుకి తొమ్మిది పైన ఊపులు. పంచమంలో ఈ తేడా దాదాపు లేదు, వెయ్యిలో ఒక వంతు. కీబోర్డు పక్కన పెట్టుకుని పాడే పిల్లలకి పంచమం కుదిరి గాంధారం కుదరకపోవడంలో వాళ్ళ గొంతు దోషం సగమే.

తంబుర గుర్రం మీద తీగ కింద పెట్టే దారప్పోగు ఈ అనుస్వరాల్ని లేపడానికే. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో వీణ, తంబురల మీద రాసిన పరిశోధనలో ఒక వింత చూపించాడు. మామూలు సూత్రం ప్రకారం తీగని సరిగ్గా మధ్యలో మీటితే రెండో అనుస్వరం రాకూడదు, ఎందుకంటే దాని నిశ్చల బిందువు (కదలకుండా ఉండే చోటు) అక్కడే ఉంటుంది. వీణలో, తంబురలో అది గట్టిగా వినిపిస్తుంది. కారణం గుర్రం. వైలిన్‌లో తీగ కత్తి అంచులాంటి గుర్రం మీద ఆనుతుంది. వీణలో కొద్దిపాటి వంపున్న వెడల్పాటి లోహపు పలక మీద పరుచుకుంటుంది. కంపించే తీగ ప్రతి ఊపులోనూ ఆ పలకని అంటుకుంటూ వదులుతూ కొత్త అనుస్వరాల్ని పుట్టిస్తుంది. దారాన్ని గోరుతో వెంట్రుకవాసి జరిపితే నాదం తెరుచుకోవడం, ఇంకొంచెం జరిపితే మూసుకుపోవడం ఎవరైనా వినవచ్చు. శ్రుతి మారదు, మారేది అనుస్వరాల పాళ్ళు. నాదం గుణం అంటే అదే.

తోలు సంగతి వేరు

వట్టి తోలు బిగించిన గుండ్రటి వాద్యంలో అనుస్వరాలు ఇలా పూర్ణాంకాల్లో రావు. మొదటిది 1 అయితే తర్వాతివి 1.59, 2.14, 2.30 అంటూ పొందిక లేకుండా పోతాయి. అందుకే డప్పు దరువు పలుకుతుంది గానీ స్వరం పలకదు. మృదంగం కుడివైపు మధ్యలో ఉండే నల్లటి కరణి ఈ లెక్కని మార్చేస్తుంది. ఇనుము కలిసిన రాతిపొడిని అన్నంతో మెదిపి పొరలు పొరలుగా రుద్ది ఎక్కించిన ఆ బరువు తోలు మధ్యభాగాన్ని మందగింపజేస్తుంది, అనుస్వరాలు ఇంచుమించు 1, 2, 3, 4, 5 వరసలోకి వచ్చి కూర్చుంటాయి. దీన్ని మొదట శాస్త్రీయంగా చూపించినవాడు కూడా రామనే, 1920లో. కరణి అంచు పెచ్చు లేచినా, మధ్యలో చిట్లినా ముందు పోయేది ఈ వరసే. బిగువు ఎంత సర్దినా షడ్జం మీద నిలబడక గొంతు రెండుగా చీలినట్టు మోగుతుంటే కరణిని చూడాలి, వార్లని కాదు.

తోలుకి వేడి కంటే తేమ ముఖ్యం. తేమ పీల్చిన తోలు సాగి వదులవుతుంది, ఎండితే ముడుచుకుని బిగుస్తుంది. వానాకాలంలో డప్పు వాయించేవాళ్ళు ఊరేగింపుకి ముందు ఎండుతాటాకో వరిగడ్డో మంట వేసి డప్పు కాచుకోవడం గుంటూరు పల్లెల్లో ఎవరూ వింతగా చూడరు. తోలుని మంటకి జానెడు దూరంలో తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూస్తారు. "దబ్" అన్నది "టంగ్" అనే దాకా. ఎక్కువ కాస్తే తోలు చిట్లుతుంది, ఆపిన పావుగంటకి గాలిలో తేమ మళ్ళీ ఎక్కుతుంది కాబట్టి దారిలో ఇంకోసారి కాచాలి.

మృదంగానికి మంట పనికిరాదు. కుడివైపు అంచు చుట్టూ అల్లిన తోలు జడని రాయితో కిందికి కొడితే శ్రుతి పెరుగుతుంది, కింది నుంచి పైకి కొడితే తగ్గుతుంది. చుట్టూ అన్ని చోట్లా ఒకే శ్రుతి రావాలి, ఒక పక్క మాత్రమే బిగిస్తే అక్కడ తడితే ఒకటి, ఎదురు పక్కన తడితే ఒకటి పలుకుతుంది. ఎడమవైపు రవ్వముద్ద ఏసీలో తొందరగా ఎండిపోతుంది. ఎండితే బరువు తగ్గుతుంది, గుమికీ (ఆ వైపు గుమ్మని మోగే నాదం) పైకి లేస్తుంది. తడి వేలితో ఒక్కసారి అద్దుకోవడంతో సరి.

మండపంలో పనికొచ్చేది

ఎదురుకోలు ఎండలో, తాళికట్టు ఏసీలో తప్పనప్పుడు వాద్యాల్ని రెండు చోట్లా ఒకేలా పలికించడం ఎవరి వల్లా కాదు. చేయగలిగింది వరస మార్చడం. బయట వాయించేటప్పుడు సన్నాయి ఎటు పోతే శ్రుతి పెట్టెనే అటు తిప్పాలి. చాలా పెట్టెలకి ఉండే సన్నసర్దుబాటు మీట ఉన్నది అందుకే. పెట్టెని ఒకచోట బిగించి సన్నాయిని దాని వెంట లాగడం తలకిందుల పని. లోపలికి వచ్చాక మొదటి పది నిమిషాలు చిన్న కీర్తనలతో కానిచ్చి, అప్పుడు శ్రుతి మళ్ళీ సరిచూసుకోవాలి. వీణ, వైలిన్ కచేరీ అయితే అరగంట ముందే పెట్టెలోంచి తీసి వేదిక మీదే ఉంచాలి, ఏసీ గాలి నేరుగా తగిలే చోట మాత్రం కాదు. దీపాలన్నీ వెలిగించాకే ఆఖరి శ్రుతి.

సౌండ్ వాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఉదయం ఖాళీ హాల్లో మైకులు సరిచూసి, "చాలా బాగుంది" అనుకుని మీటలు అక్కడే వదిలేస్తారు. ఖాళీ హాలూ, జనం నిండిన హాలూ ధ్వనికి రెండు వేరు గదులు. 1890ల్లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాలు గందరగోళాన్ని తీర్చబోయి వాలెస్ సాబిన్ కనిపెట్టిన సూత్రం ఇప్పటికీ ఇదే: హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, ధ్వనిని పీల్చుకునే మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే, శబ్దం పది లక్షల్లో ఒక వంతుకి అణగడానికి పట్టే సెకన్లు, అంటే ప్రతినాద కాలం, వస్తాయి. 30 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 6 ఎత్తు ఉన్న మండపం అనుకుందాం. 3,600 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 1,800 చదరపు మీటర్లు. నున్నటి టైల్సు, ప్లాస్టరు, అద్దం, ఇవి ధ్వనిని పీల్చుకునేది నూటికి మూడు వంతులే. అంటే 54 చదరపు మీటర్లు. ప్రతినాద కాలం పదిన్నర సెకన్ల పైన! పురోహితుడి ఒక మంత్రం మీద తర్వాతి మూడు మంత్రాలు వచ్చి పడతాయి.

అయిదువందల మంది కూర్చుంటే ఒక్కొక్కరూ 0.45 చొప్పున 225 కలుస్తారు. కాలం రెండు సెకన్లకి దిగుతుంది. ఇంకా తగిలిన ధ్వనిలో సగానికి కాస్త పైన పీల్చుకునే మందపాటి కర్టెన్లు 150 చదరపు మీటర్లు వేస్తే 1.6. మాటకి ఒక సెకను దగ్గర, కర్ణాటక సంగీతానికి అంతకు కాస్త పైన ఉంటే సుఖం. మన మండపాల్లో పట్టుచీరలే అసలు అకూస్టిక్స్ అన్నమాట. ముహూర్తం తెల్లవారుజాము మూడింటికైతే, భోజనాలయ్యాక జనం సగం ఇళ్ళకి వెళ్ళాక, అదే మీటల మీద అదే సన్నాయి గిన్నెలో మోగినట్టుంటే మైకు మార్చడం వృథా. శబ్దం తగ్గించి, స్పీకర్లని గోడల మీదకి కాకుండా మిగిలిన జనం వైపు దించాలి.

బయట కూడా వేడి ఇంకో తమాషా చేస్తుంది. మధ్యాహ్నం నేల మీద గాలి వేడి, పైన చల్లన. కింద వేగం ఎక్కువ, పైన తక్కువ కావడంతో ధ్వని మెల్లగా ఆకాశంకేసి వంగిపోతుంది. గట్టిగా పెట్టిన మైకు కూడా కొన్ని వందల మీటర్ల తర్వాత పలచబడిపోతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున ఇది తిరగబడుతుంది. కృష్ణ మీద మంచు పట్టి, నీళ్ళని ఆనుకున్న గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటుంది. పైకి పోబోయిన ధ్వని కిందికి వంగి నీటి మీదే జారుకుంటూ పోతుంది. రాత్రి ఎనిమిదింటికి వీధి చివర దాకా వినిపించడానికి సరిపోయిన మీటే తెల్లవారుజామున అవతలి ఒడ్డున ఉండవల్లి వైపు ఇళ్ళలో మాట మాటా వినిపించగలదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల వేళలు, గాలి ఇలా తిరగబడి ఉండే గంటలతో చాలావరకు కలుస్తాయి.